సియాటిల్‌లో నిర్వాణం

మా కాలేజీ స్టాఫురూములో అందరిదీ ఒకటే ప్రశ్న: "అమెరికా వెళ్ళి ఏం చూసి వచ్చారండీ?" నయాగరా చూడలేదన్నాను. స్వేచ్ఛాదేవి విగ్రహం చూడలేదన్నాను. మరేం చూశారన్నారు. 1994వ సంవత్సరం చూసి వచ్చానన్నాను. ఇంగ్లీషు మేష్టారు లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు, ప్రయాణపు బడలిక ఇంకా తీరలేదేమోనని.

నిజానికి అంతకన్నా సరైన జవాబు నా దగ్గర లేదు. మా అన్నయ్య 1993 సెప్టెంబరులో తెనాలి స్టేషనులో రైలెక్కి, మద్రాసులో విమానమెక్కి, పై చదువుకు సియాటిల్ వెళ్ళాడు. అప్పుడు అన్నయ్యకు ఇరవైమూడేళ్ళు, నాకు పదమూడు. ఆ తరువాతి సంవత్సరం, అంటే 1994, మా ఇంట్లో నీలిరంగు ఏరోగ్రాముల రూపంలో గడిచింది. అమెరికాలో ఎవరు పాడారో, ఎవరు పోయారో, ఏ సినిమా ఆడిందో అన్నీ ఆ కాగితాల్లోనే తెలిసేవి. ఫోను చేద్దామంటే నిమిషానికయ్యే ఖర్చు తలుచుకుని మా నాన్నగారు బూతు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేవారు.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మేష్టారు. అన్నయ్య వుత్తరం రాగానే వీధి అరుగు మీద కూర్చుని నలుగురికీ వినిపించడం ఆయన అలవాటు. 1994 జనవరిలో వచ్చిన వుత్తరంలో అన్నయ్య ఇలా రాశాడు: "మొన్న శనివారం రాత్రి నిర్వాణ వారి కచేరీకి వెళ్ళాను. జన్మ ధన్యమైనట్లనిపించింది." నాన్నగారి మొహం చూడాలి! "చూశారా! మనవాడు అంత దూరం వెళ్ళి కూడా భజనలు మానలేదు," అన్నారు. పక్కింటి పౌరాణికులవారు అందుకుని, నిర్వాణానికీ మోక్షానికీ వున్న భేదం వీధి వీధికంతా అరగంట సేపు విప్పి చెప్పారు. ఆ నిర్వాణ వారు ముగ్గురు కుర్రవాళ్ళనీ, చిరిగిన పంట్లాలతో గిటార్లు వాయించి, ఒక్కొక్కప్పుడు వాటిని విరగ్గొట్టి పోతారనీ అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు.

అన్నయ్య మాత్రం ఒక చరిత్రకు సాక్షి అయ్యాడు. 1994 జనవరి 8న సియాటిల్ సెంటర్ అరీనాలో జరిగిన ఆ కచేరీ అమెరికాలో వాళ్ళు చేసిన ఆఖరి కచేరీ.

పోయిన వేసవి సెలవుల్లో మొదటిసారి ఆ వూరు వెళ్ళాను. వెళ్ళిన మర్నాడు మా అన్నయ్య కూతురు, పందొమ్మిదేళ్ళ పిల్ల, మెట్లు దిగి వచ్చింది. దాని నల్లచొక్కా మీద పసుపు పచ్చని బొమ్మ మొహం, కళ్ళున్న చోట రెండు ఇంటూ గుర్తులు, పైన ఇంగ్లీషులో "నిర్వాణ" అని వున్నది.

"వీళ్ళ పాటలు వింటావుటే?" అన్నాను.

"ఒకటి రెండు విన్నాను బాబాయ్. చొక్కా బాగుందని కొన్నాను. మీ కాలం భలే వుండేదటగా!" అన్నది.

అన్నయ్య కాఫీ తాగుతూ వూరుకున్నాడు. తరువాత, "పదరా, ఈ రోజు మన కాలం చూపిస్తాను," అన్నాడు. పిల్ల కూడా బయలుదేరింది. వదిన రానన్నది. ఆ సంవత్సరం గురించి ఆవిడ పెళ్ళైనప్పటినించీ వింటున్నదిట.

వాళ్ళ ఇంటి నుంచి వూళ్ళోకి పోవాలంటే లేక్ వాషింగ్టన్ అనే పెద్ద సరస్సు దాటాలి. సరస్సు లోతు కావడంవల్ల స్తంభాలు వేయకుండా కాంక్రీటు తెప్పల మీద వంతెన కట్టారు. ప్రపంచంలో తేలే వంతెనలన్నిటిలోకీ ఇదే పొడవైనది, సుమారు 7,700 అడుగులు. ఇప్పుడున్నది 2016లో తెరిచారు. కొంచెం దక్షిణాన వున్న మరొక తేలే వంతెన 1990 నవంబరులో మరమ్మతులు జరుగుతుండగా మునిగిపోయింది. కాంక్రీటు తేలుతుందన్నది నాకు నమ్మకం కలగలేదు గాని, మునుగుతుందన్నది వెంటనే కలిగింది. దాటేదాకా మాట్లాడలేదు.

సన్నని తుంపర పడుతున్నది. గొడుగు తియ్యబోతే, "ఇక్కడ గొడుగు వేస్తే పరాయివాళ్ళని తెలిసిపోతుంది," అని అన్నయ్య వారించాడు. ఆ వానే ఈ వూరి సంగీతానికి కారణమంటారు కొందరు. ఏడెనిమిది నెలలు బయట పనిలేక, కుర్రవాళ్ళు ఇళ్ళ కింది గదుల్లో చేరి గిటార్లు వాయించుకునేవారట. పైగా దేశానికి ఒక మూలన వున్న వూరు. పెద్ద పెద్ద బృందాలు అంత దూరం రాకపోతే, తమకు తామే వాయించుకుని తామే వినుకునేవారట. ఆ సంగీతానికి "గ్రంజ్" అని పేరు పడ్డది. 1991 సెప్టెంబరులో నిర్వాణ వారి "నెవర్‌మైండ్" రికార్డు వచ్చింది. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ "డేంజరస్"ని పక్కకు నెట్టి దేశంలో మొదటి స్థానానికి ఎక్కింది. దానితో లోకమంతా సియాటిల్ మీద పడింది. కట్టెలు కొట్టేవాళ్ళు చలికి వేసుకునే గళ్ళ చొక్కాలు న్యూయార్కు ఫ్యాషను ప్రదర్శనలకెక్కాయి. పెరీ ఎలిస్ కంపెనీకి అలాంటి దుస్తులు తయారుచేసిన మార్క్ జేకబ్స్ అనే యువకుడికి వుద్యోగం వూడింది.

తెలుగు మేష్టర్ని కనుక నాకు మరీ నచ్చిన ముచ్చట ఒకటున్నది. 1992లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి ఒకరు, గ్రంజ్ కుర్రవాళ్ళ ప్రత్యేక పదాలేమిటో చెప్పమని సియాటిల్‌కు ఫోను చేశారు. సబ్ పాప్ అనే రికార్డు కంపెనీలో అంతకుముందు పనిచేసిన మెగన్ జాస్పర్ అప్పటికప్పుడు నోటికి వచ్చిన మాటలు కల్పించి చెప్పింది. వూరికే తిరగడాన్ని "స్వింగింగ్ ఆన్ ది ఫ్లిప్పిటీ ఫ్లాప్" అంటామన్నది. పత్రికవారు దాన్ని నిజమైన నిఘంటువులాగా అచ్చువేశారు. సీతారామాచార్యులవారు శబ్దరత్నాకరానికి పదాలు ఇలాగే ఫోను చేసి సేకరించివుంటే మన గతి ఏమయ్యేదో!

ముందు సియాటిల్ సెంటరుకు వెళ్ళాం. 1962లో ప్రపంచ ప్రదర్శన జరిగిన స్థలం అది. 605 అడుగుల స్పేస్ నీడిల్ గోపురం అప్పుడే కట్టారు. పక్కనే పాప్ కల్చర్ మ్యూజియం. దాన్ని చూస్తే ఎవరో రంగు రేకులు నలిపి పారేసినట్టుంటుంది. ఫ్రాంక్ గేరీ అనే ప్రసిద్ధ శిల్పి ఆలోచన, మైక్రోసాఫ్టు స్థాపకులలో ఒకరైన పాల్ అలెన్ డబ్బు. 2000లో తెరిచారు. లోపల అయిదువందలకు పైగా వాద్యాలు, చాలా భాగం గిటార్లే, ఒకదాని మీద ఒకటి సుడిగాలిలా పేర్చారు. ఇన్ని వీణలు మనవాళ్ళెవరైనా ఇలా గుట్టపోస్తే వూరుకుంటామా అనుకున్నాను. అన్నయ్య మ్యూజియంలో ఎక్కువ సేపు నిలబడలేదు. "అద్దాల బీరువాల్లో పెట్టిన తరువాత ఇంకేముందిరా," అన్నాడు.

అన్నయ్య చూపించదలచినది బయట వున్నది, ఒక ఫౌంటెను. గుండ్రని పల్లం మధ్యలో వెండి గోళంలాంటిది, దానినుంచి నీళ్ళు ఆకాశానికి చిమ్ముతుంటాయి, పిల్లలు తడుస్తూ పరుగెడుతుంటారు. నిర్వాణలో పాడేవాడు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్ 5న తన ఇంట్లో తుపాకితో ప్రాణం తీసుకున్నాడు. ఇరవైయేడేళ్ళవాడు. సంగతి బయటపడింది 8వ తేదీన. 10వ తేదీ ఆదివారం ఇక్కడ సుమారు ఏడువేల మంది చేరారు. అతని భార్య కోర్ట్నీ లవ్ అతని ఆఖరి వుత్తరాన్ని ఏడుస్తూ, తిడుతూ చదివిన టేపు వినిపించారు. తరువాత కుర్రవాళ్ళు బట్టలతోనే ఈ నీళ్ళలోకి దిగారు.

"నువ్వూ దిగావా నాన్నా?" అన్నది పిల్ల.

"దిగాను. నా దగ్గర వున్న ఒక్క స్వెట్టరూ తడిసిపోయింది. తరువాత వారం రోజులు జ్వరం."

"ఎందుకు?"

అన్నయ్య కొంచెం ఆలోచించాడు. "ఆ ఏడాది నా ఇంగ్లీషు ఇక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు. అతను పాడే ఇంగ్లీషు కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇద్దరం ఒకటే అనిపించేది," అన్నాడు. పిల్ల నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ ఆఖరి కచేరీ జరిగిన అరీనా ఎదురుగానే వుండేది. 2017లో పడగొట్టారు. అక్కడిప్పుడు ఒపేరా వారి భవనం వున్నది. అన్నయ్య ఆ గోడవైపు చూపించి, "అదుగో, నాన్న చెప్పిన భజన మందిరం," అన్నాడు.

కారులో తిరుగుతూ అన్నయ్య మిగతా 1994 చెప్పుకొచ్చాడు. జూన్ 17 సాయంత్రం హాస్టల్లో అందరూ బాస్కెట్‌బాల్ ఫైనలు చూస్తున్నారట. ఇంతలో ఆట చిన్నదై, తెర మీద ఒక తెల్ల బ్రాంకో కారు, దాని వెనక పోలీసు కార్లు బారులు తీరి కనిపించాయి. హత్యానేరం మోపబడిన ఓ. జె. సింప్సన్ అనే మాజీ ఫుట్‌బాలు వీరుడు లాస్‌ఏంజలస్ రోడ్ల మీద ఆ కారులో పోతున్నాడు. సుమారు తొమ్మిదిన్నర కోట్ల మంది ఆ నెమ్మది పరుగు చూశారు. "కారు అంత నెమ్మదిగా పోతుంటే మన బండ్ల దొడ్డి రోడ్డు గుర్తొచ్చింది," అన్నాడు అన్నయ్య. జులైలో సియాటిల్ బేస్‌బాల్ జట్టు ఆడే కింగ్‌డోమ్ కప్పు నుంచి పలకలు వూడి గ్యాలరీలో పడ్డాయి. మంచివేళ, ఆట ఇంకా మొదలు కాలేదు. కప్పు బాగుచేసేదాకా జట్టు వూళ్ళు పట్టుకు తిరిగింది. ఇంతలో ఆగస్టు 12న దేశంలోని ఆటగాళ్ళందరూ సమ్మె కట్టారు. 1904 తరువాత మొదటిసారి వరల్డ్ సిరీస్ జరగలేదు. ఆ డోమును 2000 మార్చిలో మందుపాతరలు పెట్టి కూల్చేశారు.

పెరల్ జామ్ అనే ఇక్కడి మరొక బృందం, టిక్కెట్ల మీద అదనపు రుసుము ఎక్కువ వేస్తున్నారని టికెట్‌మాస్టర్ కంపెనీ మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. జూన్ 30న బృందంలోని ఇద్దరు కాంగ్రెసు సంఘం ముందు సాక్ష్యం చెప్పారు. మరుసటి ఏడాది ప్రభుత్వంవారు దర్యాప్తు మూసేశారు. టిక్కెట్టు మీద రుసుము ఇప్పటికీ వేస్తూనే వున్నారని పిల్ల తన అనుభవం చెప్పింది.

సెప్టెంబరు 22న "ఫ్రెండ్స్" అనే ధారావాహిక టీవీలో మొదలైంది. పదేళ్ళు నడిచింది. అన్నయ్య ఇంగ్లీషు నేర్చుకున్నది అందులోనే. "ఆరుగురు స్నేహితులు. పగటిపూట కాఫీ హోటల్లో కూర్చుంటారు, అద్దె ఎలా కడుతున్నారో దేవుడికి తెలియాలి. మొదట్లో టీవీలో జనం నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఆరు నెలలకు వాళ్ళకన్నా ముందే నవ్వడం మొదలుపెట్టాను. అప్పుడనిపించింది, ఇక ఇక్కడ బతకగలనని." పిల్ల ఆ ధారావాహికం మొత్తం నాలుగుసార్లు చూసిందట, తను పుట్టకముందే అయిపోయిన దాన్ని.

అదే ఏడాది జులైలో, సరస్సుకు అవతల బెల్‌వ్యూలో, జెఫ్ బెజోస్ అనే ఆయన అద్దె ఇంటి గ్యారేజీలో పుస్తకాల వ్యాపారానికి రిజిస్ట్రేషను చేయించాడు. మొదట పెట్టిన పేరు "కెడాబ్రా". ఫోనులో అది శవం అన్న ఇంగ్లీషు మాటలాగా వినిపిస్తున్నదని మార్చి "అమెజాన్" చేశాడు. "అందరూ ఏడుస్తుంటే ఒకడు మాత్రం లెక్క చూసుకున్నాడు. నాన్న కోరిన కొడుకు అతను," అన్నాడు అన్నయ్య.

ఆ మాట తేలికగానే అన్నాడు. నాకు మాత్రం కడుపులో ఏదో కదిలింది.

యూనివర్సిటీ దగ్గర రూజ్‌వెల్ట్ వీధిలో స్కేర్‌క్రో వీడియో అనే దుకాణానికి తీసుకువెళ్ళాడు. 1988లో పెట్టారు. వీధికొకటి చొప్పున వున్న బ్లాక్‌బస్టర్ వీడియో దుకాణాలన్నీ పోయాయి, ఒరెగాన్ రాష్ట్రంలోని బెండ్ అనే వూళ్ళో ఒక్కటి మిగిలింది. స్కేర్‌క్రో మాత్రం 2014 నుంచి లాభాపేక్ష లేని సంస్థగా మారి బతికింది. లక్షా నలభైవేలకు పైగా సినిమాలున్నాయి. గ్రంథాలయం లాగానే దుమ్ము వాసన, బల్లల మీద చేతిరాత చీటీలు. 1994లో హాళ్ళలో డబ్బు చేసుకున్న "ఫారెస్ట్ గంప్"కు మర్నాడు ఆరు ఆస్కార్లు వచ్చాయి—మర్నాడంటే మరుసటి ఏడు. జనం లేక తేలిపోయిన "షాషాంక్ రిడంప్షన్" ఇలాంటి దుకాణాల ధర్మమా అని ఇంటింటికీ చేరి అందరి మన్ననా పొందింది. భారతదేశపు అర దగ్గర నిలబడి "మాయాబజార్" వున్నదేమో అడగబోయాను. "నువ్వడిగితే కథంతా చెప్పేదాకా వదలవు," అని అన్నయ్య చెయ్యి పట్టుకుని లాక్కువచ్చాడు.

చివరికి సరస్సు ఒడ్డున విరెట్టా పార్కు అనే చిన్న తోటకు వెళ్ళాం. పక్కనే కొబేన్ వుండిన ఇల్లు, చెట్ల వెనక. అతను చనిపోయిన గ్యారేజీ పై గదిని తరువాత తీసేశారు. పార్కులో కొయ్యబెంచీల మీద ఎక్కడెక్కడి జనమో పేర్లు, మాటలు చెక్కి పోయారు. వాడిన పూలు, ఒక సిగరెట్టు పెట్టె పెట్టివున్నాయి. పిల్ల ఫొటోలు తీసుకోవడానికి దిగువకు పోయింది. అన్నదమ్ములం తడి బెంచీ మీద కూర్చున్నాం.

నేను ముప్ఫై యేళ్ళుగా చెప్పనిది అప్పుడు చెప్పాను.

1994 వసంతంలో అన్నయ్యకు రెండు సబ్జెక్టులు పోయాయి. దానితో ఫీజు తీసివేత పోయింది. ఫౌంటెను సంగతీ, పరీక్షల సంగతీ దాచకుండా ఒకే వుత్తరంలో రాశాడు. నాన్నగారికి అప్పుడే కంటికి శుక్లం ఆపరేషను అయింది. జవాబు ఆయన చెబుతుంటే నేను రాశాను. "నిన్ను చదువుకు పంపించానుగాని, ఎవడో చచ్చిపోతే నీళ్ళలో దిగి ఏడవడానికి కాదు. ఇకమీదట నీ మంచిచెడ్డలు నువ్వే చూసుకో." ఇంతవరకూ అన్నయ్యకు తెలుసు. ఆ మాట పట్టుకునే ఏడాదిపాటు యూనివర్సిటీ భోజనశాలలో పళ్ళేలు కడిగి చదువు పూర్తిచేశాడు. తరువాత నాన్నగారిని ఒక్క పైసా అడగలేదు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. 1999లో పెళ్ళికి వచ్చినప్పుడు కూడా అంతే. 2002లో నాన్నగారు పోయారు.

"నాన్న ఇంకొక మాట చెప్పారన్నయ్యా," అన్నాను. "కాసేపు వూరుకుని, 'డబ్బుకు ఇబ్బందయితే వెంటనే రాయి, పొలం ఎందుకున్నది' అని రాయమన్నారు. ఏరోగ్రాములో చోటు లేకపోయింది. నేను రాయలేదు."

అన్నయ్య సరస్సు వైపే చూస్తున్నాడు.

"పోస్టుమాను వచ్చినప్పుడల్లా 'డబ్బు సంగతేమయినా రాశాడుట్రా' అని అడిగేవారు. లేదనేవాణ్ణి."

పిల్ల వచ్చింది. ఇంటికి బయలుదేరాం. తేలే వంతెన మీద ఈసారి నాకు భయం వెయ్యలేదు, తెలియనే లేదు.

రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య మేడ మీదినుంచి ఒక బూట్ల పెట్టె తెచ్చాడు. అందులో జనవరి కచేరీ టిక్కెట్టు సగం ముక్క, రెండు క్యాసెట్లు, మడతల దగ్గర చిరిగిన ఆ ఏరోగ్రాము. నా చేతిరాతే, గుండ్రంగా, ముత్యాల్లాగా. వ్యాసరచనలో జిల్లా బహుమతి తెచ్చుకున్న చెయ్యి గదా! కళ్ళజోడు పెట్టుకుని కిందికి చూశాను. "నీ మంచిచెడ్డలు నువ్వే చూసుకో" అన్న వాక్యం కింద మూడువేళ్ళ మేర ఖాళీ వున్నది.

అన్నయ్య ఏమీ అనలేదు. నేను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాను. అప్పుడు గుర్తొచ్చింది. చోటు లేక కాదు. ఆ వాక్యంతో ఆగితే వుత్తరం గంభీరంగా వుంటుందనీ, దాని తరువాత డబ్బు మాట వస్తే చప్పబడుతుందనీ ఆ పద్నాలుగేళ్ళ వ్యాసకర్తకు తోచింది. అందుకని "ఇట్లు" పెట్టేశాడు. ఆ మాటే అన్నయ్యతో చెప్పాను.

అన్నయ్య చాలాసేపటికి నవ్వాడు. అది ఏ రకం నవ్వో నేను చెప్పలేను. "తెలుగు మేష్టరువి అవుతావని అప్పుడే తెలియవలసింది," అని, జేబులోంచి కలం తీసి నా ముందు పెట్టాడు. "చోటున్నదిగా. రాయి."

రాశాను. కాగితం పాతదై సిరా కొంచెం అలుక్కున్నది. అన్నయ్య దీపం దగ్గరకు పట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

"నీ దస్తూరీ అప్పటికన్నా పాడయిందిరా," అన్నాడు.